పాత ల్యాప్‌టాప్: వేగం పెంచాలా, ఎదురుచూపు తగ్గించాలా?



ఏడెనిమిదేళ్ల కిందట కొన్న ల్యాప్‌టాప్ చాలా ఇళ్లలో కనిపిస్తుంది. ఆన్ చేసి, వంటింట్లోకి వెళ్లి టీ పెట్టుకుని వచ్చినా తెర మీద చుక్కలు ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే మౌసు కదలదు. ఫ్యాను మాత్రం రొద ఆపదు. "దీని పనైపోయింది, కొత్తది కొందాం" అంటారు ఇంట్లో పెద్దలు. కంప్యూటర్ల గురించి కాస్త తెలిసిన కుర్రాడు ఉంటే "కొత్తదెందుకు? ఓవర్‌క్లాక్ చేస్తే పరుగెత్తుతుంది" అంటాడు. నన్నడిగితే ఇద్దరిదీ తొందరపాటే. ఎందుకో ఈ పావుగంటలో చెబుతాను.

ఈ ప్రశ్న ఇప్పుడు చాలామందికి ఎదురవుతోంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరానిదో ఆ తర్వాతిదో అయి ఉండాలి. తరం తెలుసుకోవడం తేలికే. ఐ5 అన్నాక గీత పక్కన వచ్చే అంకె చూడండి. ఐ5-7200యూ అంటే ఏడో తరం, ఐ5-8250యూ అంటే ఎనిమిదో తరం. ఈ లెక్కన 2016లో కొన్న ల్యాప్‌టాప్, బాగా పనిచేస్తున్నా సరే, ఆ హద్దుకు అవతలే ఉండిపోతుంది. అది నిజంగా పనికిరానిదైపోయిందా అన్నది వేరే సంగతి.

ముందు ఓవర్‌క్లాకింగ్ సంగతి చూద్దాం. ప్రాసెసర్ ఒక గడియారం టిక్కులకు తగ్గట్టు పనిచేస్తుంది. 2.5 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 250 కోట్ల టిక్కులు. తయారీదారు పెట్టిన ఆ హద్దు దాటించి నడపడమే ఓవర్‌క్లాకింగ్.

ఇది కొత్త విద్య కాదు. 1984లో ఐబీఎం పీసీ ఏటీ వచ్చినప్పుడు దాని ప్రాసెసర్ 6 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచేది. ఆ వేగాన్ని నిర్ణయించేది బోర్డు మీదున్న చిన్న క్రిస్టల్. దాన్ని పీకి వేరేది గుచ్చితే వేగం 8 మెగాహెర్ట్జ్‌కి చేరేది. ఐబీఎంకి ఇది మింగుడు పడలేదు. ఆ తర్వాతి యంత్రాల్లో, ఆన్ కాగానే వేగం కొలిచి, ఎక్కువగా ఉంటే మొరాయించేలా, యంత్రాన్ని మేల్కొలిపే ప్రోగ్రామైన బయోస్‌ను రాసింది. చిత్రమేమిటంటే, 1986లో తానే 8 మెగాహెర్ట్జ్ ఏటీని అమ్మకానికి పెట్టింది. జనం ముందే కనిపెట్టిన దారిలోనే కంపెనీ నడిచిందన్నమాట.

1998లో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఏ ఇంకా పేరు తెచ్చుకుంది. చవక ప్రాసెసర్, వేగం 300 మెగాహెర్ట్జ్. మదర్‌బోర్డులో బస్, అంటే సమాచారం రాకపోకల దారి, వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి మారిస్తే చాలు, అది 450 మెగాహెర్ట్జ్‌తో నిలకడగా నడిచేది. అంటే ఏకంగా సగం వేగం అదనం, అదీ ఉచితంగా. ఖరీదైన పెంటియం 2 కొనలేని కుర్రాళ్లకు అది పండగే. ఓవర్‌క్లాకింగ్ అన్న మాటకు ఉన్న మెరుపంతా ఆ రోజుల నుంచి వచ్చిందే.

కానీ అవన్నీ డెస్క్‌టాప్ కథలు. పెద్ద పెట్టె, లోపల గాలి ఆడే చోటు, అరచేయంత ఫ్యాను, కావలసినంత కరెంటు ఇచ్చే పవర్ సప్లై ఉంటే ఆ ఆట చెల్లుతుంది. ల్యాప్‌టాప్‌లో ఇవేవీ లేవు. పైగా ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి వేగం మార్చే వీలు లేకుండా ఫ్యాక్టరీలోనే తాళం వేసేస్తారు. ఇంటెల్‌లో పేరు చివర హెచ్‌కే లాంటి అక్షరాలున్న కొన్ని ఖరీదైన రకాలకే తాళం ఉండదు. మనం ఇళ్లలో వాడేవి ఎక్కువగా యూ రకం. వాటికి ఆ వీలే లేదు.

తాళం లేదనుకున్నా వేడి ఒప్పుకోదు. ప్రాసెసర్ వేగం పెంచితే, నిలకడగా నడవడానికి వోల్టేజీ కూడా పెంచాల్సి వస్తుంది. వేగంతో పాటు వేడి అదే నిష్పత్తిలో పెరుగుతుంది. వోల్టేజీతో అయితే దాని వర్గం లెక్కన పెరుగుతుంది. వేగం 10 శాతం, వోల్టేజీ 10 శాతం పెంచారనుకోండి. 1.1ని మూడుసార్లు గుణిస్తే 1.33. అంటే 10 శాతం వేగం కోసం 33 శాతం ఎక్కువ వేడి. సన్నటి ల్యాప్‌టాప్‌లో యూ రకం చిప్పు కోసం చేసిన శీతలీకరణ ఏర్పాటు సుమారు 15 వాట్ల వేడిని దృష్టిలో పెట్టుకుని చేసింది. అంతకు మించితే ఉష్ణోగ్రత 100 డిగ్రీల దరిదాపులకు వెళ్తుంది. అప్పుడు ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తానే తగ్గించుకుంటుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. మనం ఒక చేత్తో పెంచింది అది ఇంకో చేత్తో తగ్గించేస్తుంది.

గేములాడే ల్యాప్‌టాప్‌ల గ్రాఫిక్స్ చిప్పుకి మాత్రం కొంత వెసులుబాటు ఉంది. ఆఫ్టర్‌బర్నర్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో దాని వేగాన్ని కొంచెం జరపవచ్చు. 2015 మొదట్లో ఎన్విడియా తన డ్రైవర్ ద్వారా ల్యాప్‌టాప్‌లలో ఈ వీలు తీసేసింది. వాడేవాళ్లు గట్టిగా గోల చేయడంతో మళ్లీ ఇచ్చింది. ఇస్తే ఇచ్చింది కానీ, దానివల్ల దక్కేది గేములో కాసిన్ని ఎక్కువ ఫ్రేములు. ల్యాప్‌టాప్ ఆన్ కావడానికి పట్టే అయిదు నిమిషాల్లో అది ఒక్క సెకను కూడా తగ్గించదు.

మరి ఆ అయిదు నిమిషాలు ఎక్కడికి పోతున్నాయి? అసలు విషయమంతా ఇక్కడే ఉంది. పాత ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ పనిచేయలేక ఆగడం తక్కువ. కావలసిన సమాచారం చేతికందక ఖాళీగా ఎదురుచూడటమే ఎక్కువ.

ఎంతసేపు ఎదురుచూస్తుందో ఒక లెక్క చెబుతాను. 2.5 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కి ఒక టిక్కు అంటే సెకనులో 250 కోట్లవ వంతు. దాన్ని మన ఒక సెకను అనుకుందాం. ఆ కొలతలో ర్యామ్ నుంచి సమాచారం రావడానికి దాదాపు 4 నిమిషాలు పడుతుంది. చిప్పుల్లో సమాచారం దాచే ఎస్‌ఎస్‌డీ నుంచి రావడానికి సుమారు 3 రోజులు. పాత హార్డ్ డిస్క్ నుంచి అయితే ఏడాదీ రెండు నెలలు! నిమిషానికి 5,400 చుట్లు తిరిగే ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కులో ముల్లు సరైన చోటికి జరగాలి, ఆ చోటు తిరిగి దాని కిందికి రావాలి. ఇదంతా కలిపి 15 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. మనకది రెప్పపాటు కన్నా తక్కువ. ప్రాసెసర్‌కి అది యుగం. అలాంటి దానికి 10 శాతం వేగం అదనంగా ఇస్తే ఏం ఒరుగుతుంది? ఇంకాస్త చురుగ్గా ఎదురుచూస్తుంది, అంతే.

మీ యంత్రం ఎక్కడ ఆగుతోందో మీరే చూడవచ్చు, పైసా ఖర్చు లేదు. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ ఒకేసారి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. నెమ్మదిగా ఉన్న సమయంలోనే చూడాలి సుమా. అందులో సీపీయూ, మెమరీ, డిస్క్ అని వరుసలుంటాయి. డిస్క్ 100 శాతం దగ్గర అంటుకుపోయి, సీపీయూ 20 శాతం దగ్గరే ఉంటే జబ్బు హార్డ్ డిస్కుది. మెమరీ 90 శాతం దాటితే ర్యామ్ చాలడం లేదు. సీపీయూ 100 దగ్గర ఉండి, కింద కనిపించే వేగం 1 గిగాహెర్ట్జ్ కన్నా తగ్గితే అది వేడి సమస్య కావచ్చు. ఎక్కువ పాత ల్యాప్‌టాప్‌లలో మీకు కనిపించేది మొదటిదే.

కాబట్టి మొదటి మందు ఎస్‌ఎస్‌డీ. ఇందులో తిరిగే పళ్లెం లేదు, కదిలే ముల్లు లేదు. కుదుపుల భయం కూడా తక్కువ. మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది సాటా అనే కనెక్షన్‌తో పనిచేసే 2.5 అంగుళాల హార్డ్ డిస్క్ అయితే, అదే కొలతలో 7 మిల్లీమీటర్ల మందంతో సాటా ఎస్‌ఎస్‌డీ దొరుకుతుంది. పాతది విప్పి, అదే చోట దీన్ని బిగించడమే. సాటా దారి గరిష్ఠంగా సెకనుకు 550 మెగాబైట్ల దాకా మోస్తుంది. పాత డిస్క్ 100 మెగాబైట్లకు కాస్త అటూ ఇటూ. కానీ మీకు తేడా తెలిసేది ఈ అంకెలో కాదు, ఇందాక చెప్పిన ఏడాదికీ మూడు రోజులకూ మధ్య ఉన్న తేడాలో.

చూయింగ్ గమ్ బిళ్లలా కనిపించే ఎం.2 రకం ఎస్‌ఎస్‌డీ కొనేముందు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఆకారం ఒకటే అయినా లోపల రెండు రకాలు ఉంటాయి. ఒకటి సాటా, ఇంకోటి ఎన్‌వీఎంఈ. కొన్ని పాత ల్యాప్‌టాప్‌ల స్లాటు ఒక్క సాటా రకాన్నే గుర్తిస్తుంది. మోడల్ నంబరుతో తయారీదారు ఇచ్చిన సర్వీస్ మాన్యువల్ చూసి కొంటే డబ్బు వృథా కాదు. డీవీడీ డ్రైవ్ ఉన్న పాత యంత్రమైతే ఇంకో సౌకర్యం ఉంది. డీవీడీ తీసేసి, ఆ ఖాళీలో క్యాడీ అనే చిన్న చట్రం పెట్టి, పాత హార్డ్ డిస్కును అందులో బిగించవచ్చు. క్యాడీలు 9.5, 12.7 మిల్లీమీటర్ల మందాల్లో వస్తాయి, కొలిచి కొనండి. విండోస్ మాత్రం ఎస్‌ఎస్‌డీ మీదే ఉండాలి. ఫొటోలు, సినిమాలు పాత డిస్క్ మీద ఉన్నా నష్టం లేదు. ఏ పని మొదలుపెట్టినా ముందు ముఖ్యమైన ఫైళ్లు ఇంకోచోట కాపీ చేసుకోవడం మరవకండి.

రెండో మందు ర్యామ్. ర్యామ్ నిండిపోతే కంప్యూటర్ మిగతాది డిస్క్ మీదికి తోసి, కావలసినప్పుడు వెనక్కి తెచ్చుకుంటుంది. హార్డ్ డిస్క్ ఉన్న యంత్రం నాలుగు ట్యాబులకే నీలుక్కుపోవడానికి కారణం ఈ రాకపోకలే. ఇవాళ్టి వెబ్ పేజీలకు 4 జీబీ చాలదు. 8 జీబీ ఉంటే రోజువారీ పని సాగుతుంది. 16 జీబీ ఉంటే ఇంకో నాలుగైదేళ్లు చూసుకోనక్కర్లేదు.

ర్యామ్‌లో రకాలు కలవవు. డీడీఆర్3 స్లాటులో డీడీఆర్4 అసలు పట్టదు, గాడి వేరే చోట ఉంటుంది. డీడీఆర్3లోనే రెండు రకాలున్నాయి: మామూలుది 1.5 వోల్టులు, ఎల్ అక్షరం ఉన్నది 1.35 వోల్టులు. నాలుగు, అయిదో తరం యూ రకం ప్రాసెసర్లకు ఎల్ ఉన్నదే కావాలి. స్టిక్కర్ మీద పీసీ3ఎల్ అని ఉంటే అదే. దుకాణానికి వెళ్లేటప్పుడు పాత స్టిక్కు చేత్తో పట్టుకెళ్లడం అన్నిటికన్నా క్షేమం. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ లాంటి చోట్ల ర్యామ్ చూపిస్తే చాలు, జోడీ తీసి ఇస్తారు. రెండు స్లాట్లు ఉంటే ఒకే పరిమాణంలో రెండు స్టిక్కులు వేయండి. ప్రాసెసర్ రెండు దారుల్లోనూ ఒకేసారి చదువుతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లకు దీనివల్ల లాభం ఇంకా ఎక్కువ.

ఇక్కడ రెండు హెచ్చరికలు. సన్నటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తున్నారు. అవి విప్పినా ప్రయోజనం లేదు. రెండోది, ఏఐ కోసం కట్టే డేటా సెంటర్లు మెమరీ చిప్పులను పెద్దఎత్తున లాక్కోవడంతో 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. కొనేముందు రెండు మూడు చోట్ల అడగండి. చెడిపోయిన ఇంకో ల్యాప్‌టాప్ ఇంట్లో ఉంటే, అందులోని స్టిక్కు దీనికి సరిపోతుందేమో ముందు చూడండి.

మూడో మందు దుమ్ము దులపడం. వినడానికి చిన్న పని. ప్రభావం మాత్రం ఓవర్‌క్లాకింగ్‌ని మించింది. 2008లో వచ్చిన నెహాలెమ్ తరం నుంచి చాలా ఇంటెల్ చిప్పుల్లో టర్బో బూస్ట్ ఉంది. చల్లగా ఉన్నంతసేపూ ప్రాసెసర్ తన వేగాన్ని తానే పెంచుకుంటుంది. ఇందాకటి ఐ5-8250యూ మూల వేగం 1.6 గిగాహెర్ట్జ్, టర్బోలో 3.4 దాకా వెళ్లగలదు. అంటే రెట్టింపుకు పైగా. ఇంత ఓవర్‌క్లాకింగ్ కంపెనీయే లోపల పెట్టి ఇచ్చింది! ఆ వేగం అందకుండా చేసేది వేడి. హీట్‌సింక్ రెక్కల మధ్య దూదిపింజలా పేరుకున్న దుమ్మూ, చిప్పు మీద పూసి, ఎండిపోయి పొడిబారిన థర్మల్ పేస్టూ ఆ వేడిని బయటికి పోనివ్వవు. మన ఎండలకు, పరుపు మీద ల్యాప్‌టాప్ పెట్టుకునే అలవాటుకు ఇది ఇంకాస్త త్వరగా జరుగుతుంది.

ఫ్యాను రెక్కలను పుల్లతోనో వేలితోనో కదలకుండా పట్టుకుని బ్లోయర్‌తో దుమ్ము ఊదండి. వదిలేస్తే అది విపరీత వేగంతో తిరిగి పాడైపోవచ్చు. పేస్టు మార్చాలంటే పాతదాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది పలచగా, చిప్పు పైభాగమంతా పరుచుకునేంత మాత్రమే వేయాలి. చేతికి అలవాటు లేకపోతే మెకానిక్‌తో చేయించడం మేలు.

వేగం మీద మోజున్న యువ శ్రోతలకు ఒక మాట. ల్యాప్‌టాప్‌లో వోల్టేజీ పెంచడం కన్నా తగ్గించడమే తెలివైన పని. దీన్ని అండర్‌వోల్టింగ్ అంటారు. ప్రతి చిప్పుకీ కంపెనీ కొంత వోల్టేజీ ముందుజాగ్రత్తగా ఎక్కువిస్తుంది. థ్రాటిల్‌స్టాప్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో అది కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పోతే వేడి తగ్గి, టర్బో ఎక్కువసేపు నిలుస్తుంది. మరీ తగ్గిస్తే కంప్యూటర్ ఆగిపోతుంది. రీస్టార్ట్ చేసి ఒక మెట్టు వెనక్కి రావడమే. అయితే 2019 డిసెంబర్‌లో ప్లండర్‌వోల్ట్ అనే లోపం బయటపడింది. ఇదే వోల్టేజీ మీటను అడ్డుపెట్టుకుని చిప్పులో దాచిన రహస్యాలను లాగవచ్చని ఐరోపా విశ్వవిద్యాలయాల పరిశోధకులు చూపించారు. దాంతో బయోస్ అప్‌డేట్లు వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ మీట మూసుకుపోయింది. మీ దాంట్లో మూసి ఉంటే వదిలేయండి. దానికోసం భద్రతా సవరణలను వెనక్కి తీయడం మంచిది కాదు.

ప్రాసెసర్‌నే మార్చవచ్చా అని కొందరడుగుతారు. ఇంటెల్ అయిదో తరం నుంచి ల్యాప్‌టాప్ ప్రాసెసర్లన్నీ బోర్డుకు టంకం వేసినవే, మార్చే దారి లేదు. నాలుగో తరం దాకా కొన్నిటిలో సాకెట్ ఉండేది. 2013 నాటి థింక్‌ప్యాడ్ టీ440పీ అందుకు పేరున్న ఉదాహరణ. అందులో రెండు కోర్ల ఐ5-4300ఎం తీసి, నాలుగు కోర్ల ఐ7-4702ఎంక్యూ పెట్టుకునేవాళ్లు ఉన్నారు. రెండూ 37 వాట్లవే. వేడి లెక్క మారకుండా కోర్లు రెట్టింపు కావడమే అక్కడ కిటుకు.

ఇక విండోస్ సంగతి. పరికరాలన్నీ బాగుపడినా, భద్రతా సవరణలు రాని విండోస్‌తో బ్యాంకు పనులు చేయడం ప్రమాదం. వ్యక్తిగతంగా వాడేవాళ్లకు మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబర్ దాకా అదనపు సవరణల పథకం పెట్టింది. ఆ తర్వాత దారి లైనక్స్. లైనక్స్ మింట్ లాంటిది ఉచితం. 4 జీబీ ర్యామ్ ఉన్నా నడుస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, నచ్చితేనే ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. తెలుగు టైపింగుకీ లోటు లేదు. పిల్లల చదువులకు, ఉత్తరాలకు, వీడియోలకు, వెబ్‌కు అది చాలు. ట్యాలీ, ఫొటోషాప్ లాంటి విండోస్ సాఫ్ట్‌వేర్ తప్పనిసరైన వాళ్లు మాత్రం ముందే ఆలోచించుకోవాలి.

విప్పేముందు మూడు జాగ్రత్తలు. ఛార్జర్ తీసేయండి, మూత తెరిచాక బ్యాటరీ తీగ విడదీయండి, అప్పుడే మిగతావి ముట్టుకోండి. స్క్రూలు ఎక్కడివి అక్కడే ఉండేలా కాగితం మీద వరుసగా పెట్టుకోండి, పొడుగు స్క్రూ పొట్టి చోట బిగిస్తే బోర్డుకే చిల్లు. బ్యాటరీ ఉబ్బి ఉంటే పొడవకండి, నొక్కకండి, ఛార్జింగు పెట్టకండి. దాన్ని తీయించి మార్పించాకే మిగతా పని.

ఎప్పుడు వదిలేయాలో కూడా చెప్పాలి. మదర్‌బోర్డు పాడైనా, తెరా, బ్యాటరీ, కీలూ మూడూ ఒకేసారి మరమ్మతు అడుగుతున్నా ఖర్చు పెట్టకండి. అన్నీ కలిపి అయ్యే ఖర్చు, అదే స్థాయి సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ ధరలో సగం దాటితే నాకు తెలిసిన సూత్రం ఆగమనే. అప్పుడు కూడా డిస్కు తీసి మీ దగ్గరే ఉంచుకుని, మిగతాది గుర్తింపు ఉన్న ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి ఇవ్వండి. 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులని ఐక్యరాజ్యసమితి నివేదిక చెబుతోంది. అందులో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకు వచ్చింది నాలుగో వంతు కూడా లేదు. ఒక ల్యాప్‌టాప్ వల్ల పర్యావరణం మీద పడే భారంలో ఎక్కువ భాగం అది ఫ్యాక్టరీ గడప దాటేలోపే పడిపోతుంది. అందుకే ఉన్నదాన్ని ఇంకో నాలుగేళ్లు నడిపించడంలో డబ్బు ఒక్కటే కాదు మిగిలేది.

వరుస మరోసారి చెబుతాను, కాగితం కలం ఉంటే రాసుకోండి. ముందు టాస్క్ మేనేజర్‌లో కొలవండి. హార్డ్ డిస్క్ ఉంటే ఎస్‌ఎస్‌డీ వేయండి. ర్యామ్ 8 జీబీకి తక్కువుంటే పెంచండి. దుమ్ము దులిపించి పేస్టు మార్పించండి. భద్రతా సవరణలు వచ్చే ఆపరేటింగ్ సిస్టం వేసుకోండి. ఒక్కొక్కటి చేశాక మళ్లీ కొలవండి, చాలనిపించిన చోట ఆగిపోండి. ఇవన్నీ అయ్యాక కూడా సీపీయూ ఎప్పుడూ 100 శాతం దగ్గరే ఉంటే, మీ పని ఆ ప్రాసెసర్‌ని నిజంగానే మించిపోయింది. కొత్త ల్యాప్‌టాప్ గురించి ఆలోచించాల్సింది అప్పుడే. ఆ నిర్ణయం కూడా అప్పుడు ఊహ మీద కాక, మీ కళ్లతో చూసిన అంకె మీద నిలబడుతుంది.